వ్యాన్లో టీవీ: బ్యాటరీ దగ్గర్నుంచి తెర దాకా

కనుమ వెళ్ళాక

ముందు బండి సంగతి. మా బావ కొన్నేళ్ళ పాటు పెళ్ళిళ్ళకీ అన్నవరం ట్రిప్పులకీ తిప్పిన పాత ట్రావెలర్ అది. కిరాయిలు తగ్గాక అమ్మేద్దామనుకున్నాడు, వచ్చిన బేరం నచ్చలేదు. సీట్లు పీకించేసి వెనక రెండు మడత మంచాలు, పక్కన గ్యాస్ పొయ్యి గట్టు, డ్రైవర్ సీటు వెనక చెక్క బీరువా కట్టించాడు. చెక్క పని రాజోలు మేస్త్రిది. కరెంటు పని నాది, ఎందుకంటే మోటార్లు రివైండింగ్ చేసుకునేవాడు ఇంట్లో ఉండగా బయటివాళ్ళకి డబ్బులెందుకు అని బావ లెక్క.

పండగకి అందరూ చేరినప్పుడు షరతులు తేలాయి. ఏసీ అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఎక్కడ ఆగినా రాత్రి టీవీ ఉండాలి. మావయ్యకి క్రికెట్, వార్తలు. అత్తయ్యకి పాత సినిమాలు. "బీచికెళ్ళి టీవీ ఏంటి మావయ్యా" అన్నాను. "బీచి పగలు చూస్తాం కదా అల్లుడూ, చీకటిపడ్డాక ఏం కనపడద్ది?" అన్నాడు. వాదించడానికి ఏమీ మిగల్లేదు.

కొత్త సామాను కొనే ముందు ఇంట్లో ఉన్నవాటితోనే ఒక లెక్క తీశాను. హాల్లోని 32 అంగుళాల టీవీ, ఫ్రీ డిష్ బాక్సు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే ఇంటి ఇన్వర్టర్లకి వాడే సీసం బ్యాటరీ, ఇన్వర్టర్. అన్నీ వరండాలోకి తెచ్చి కలిపి, బ్యాటరీ ప్లస్ వైరుకి క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తగిలించాను. ఇక్కడ ఒక మాట. మామూలు క్లాంప్ మీటర్ ఇంటి ప్లగ్గుల్లో వచ్చే ఏసీ కరెంటుని మాత్రమే చూపిస్తుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు ఆంపియర్లు చదివే రకం వేరే ఉంటుంది, ధర కూడా ఎక్కువే. అది లేకుండా ఈ పనిలోకి దిగితే అంతా ఊహే.

మీటర్ చూపించినవి ఇవీ. టీవీ, బాక్సు రెండూ నడుస్తుంటే బ్యాటరీ నుంచి ఆరున్నర ఆంపియర్లు పోతున్నాయి. టీవీ రిమోట్‌తో కట్టేసి బాక్సు వదిలేస్తే రెండు. రెండింటి ప్లగ్గులూ పీకేసి ఒట్టి ఇన్వర్టర్ని ఆన్‌లో ఉంచితే 1.1. అంటే ఎవరూ ఏమీ చూడకపోయినా ఇన్వర్టర్ తన పొట్ట కోసం గంటకి 1.1 తింటోంది. రోజుకి నాలుగు గంటలు చూశారనుకుంటే చూసినందుకు 26 ఆంపియర్ అవర్లు, మిగతా ఇరవై గంటలు ఊరికే ఉన్నందుకు 22. ట్యూబులర్ బ్యాటరీని సగం కన్నా కిందకి దించితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 150లో వాడుకోదగ్గది 75. ఒకటిన్నర రోజుకే అయిపోతుంది.

బావ చూసి "ఇంకో బ్యాటరీ పెడదాం బావా" అన్నాడు. అందరికీ ముందు తట్టేది అదే. నా అభిప్రాయం వేరు. బ్యాటరీలో 12 ఓల్టుల డీసీ ఉంది. దాన్ని ఇన్వర్టర్ 230 ఏసీ చేస్తుంది. టీవీ దాన్ని లోపలికి తీసుకుని మళ్ళీ పన్నెండో, పద్దెనిమిదో డీసీ చేసుకుంటుంది. గోదారి నీళ్ళు మేడ మీద ట్యాంకుకి ఎక్కించి, మళ్ళీ దింపి పక్క మడిలోకే పెట్టినట్టు ఉంది వ్యవహారం. బ్యాటరీ పెంచడం కన్నా ముందు మధ్యలో ఉన్నవాళ్ళని తీసేయాలి.

టీవీ కోసం

అందుకని కొనే టీవీకి ఒక్కటే నియమం పెట్టుకున్నాను. వెనక అడాప్టర్ గుచ్చే చిన్న బొక్క ఉండాలి, దాని పక్కన డీసీ 12 ఓల్టులు అని రాసి ఉండాలి. అమలాపురంలో షాపు కుర్రాడు నేను ప్రతి టీవీనీ తిప్పి వీపు చూస్తుంటే, "అందరూ బొమ్మ చూస్తారండీ, మీరేంటండీ వెనక్కాల చూస్తన్నారు?" అన్నాడు. చాలావాటికి కరెంటు వైరు నేరుగా లోపలికే వెళ్తుంది, పవర్ బోర్డు లోపల ఉంటుంది. అవి మనకి పనికిరావు. కొన్నింటికి అడాప్టర్ బయటే ఉంటుంది గానీ 19 ఓల్టులది. అది కూడా నడపొచ్చు, కాకపోతే ఓల్టేజి పెంచే కన్వర్టర్ కావాలి, అక్కడ మళ్ళీ కొంత నష్టం. చివరికి 24 అంగుళాలది ఒకటి దొరికింది. 12 ఓల్టులు, 3 ఆంపియర్లు. లేబుల్ ప్రకారం 36 వాట్లు.

ఇంటికొచ్చి కొలిస్తే, వెలుగు మధ్యలో పెట్టినప్పుడు 1.7 ఆంపియర్లు, వెలుగూ సౌండూ పూర్తిగా పెంచితే 2.3. రాత్రి వ్యాన్లో ఆరడుగుల దూరం నుంచి చూడ్డానికి మధ్య వెలుగే ఎక్కువ. ఎల్ఈడీ టీవీలో కరెంటు తినేది తెర వెనక లైట్లే. సెట్టింగుల్లో ఆ ఒక్కటి తగ్గించడం పైసా ఖర్చు లేని పొదుపు.

ఫ్రీ డిష్ బాక్సుది కూడా 12 ఓల్టుల అడాప్టరే. డిష్ మీద సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బికి కరెంటు ఆ బాక్సే కేబుల్ గుండా పంపిస్తుంది, కాబట్టి దానికి వేరే లైను అక్కర్లేదు. రెండూ కలిపి 0.7 ఆంపియర్లు. అత్తయ్య సినిమాలైతే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి టీవీకే గుచ్చాను. అప్పుడు బాక్సూ అక్కర్లేదు, డిష్షూ అక్కర్లేదు.

12 ఓల్టుల టీవీ, 12 ఓల్టుల బ్యాటరీ, రెండు వైర్లు కలిపేస్తే అయిపోయినట్టేగా అని బావ. అవదు. బ్యాటరీ మీద రాసేది 12, ఉండేది ఎప్పుడూ 12 కాదు. ఛార్జింగ్ ఎక్కుతుంటే పద్నాలుగున్నర దాకా పోతుంది, బాగా దిగాక పదకొండుకి వస్తుంది. అడాప్టర్ నుంచి నికరంగా 12 వస్తుందన్న నమ్మకంతో చేసిన టీవీకి ఆ పద్నాలుగున్నర ఎక్కిస్తే ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. అందుకే మధ్యలో ఒక డీసీ కన్వర్టర్ పెట్టాను, ఇటు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా అటు 12 మాత్రమే ఇచ్చే రకం, 5 ఆంపియర్లది. అల్యూమినియం డబ్బాలో జిగురు పోసి మూసేసి ఉంటుంది, గోతుల్లో కుదుపులకి లోపల టాకాలు ఊడవు.

ఇది పెట్టాక టీవీ, బాక్సు రెండూ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 2.6 ఆంపియర్లు. ఇదే టీవీని, బాక్సుని వాటి అడాప్టర్లతో ఇన్వర్టర్ మీద నడిపి చూస్తే 4.2. అదే బొమ్మ, అదే వెలుగు.

వైర్ల దగ్గర బావకీ నాకూ కాసేపు నడిచింది. టాపులో క్యాబిన్ లైటుకి వైరు ఆల్రెడీ ఉంది, దాన్నే లాగేద్దామన్నాడు. అది అర స్క్వేర్ మిల్లీమీటర్ వైరు. బ్యాటరీ వెనక మంచం కింద, టీవీ ముందు బీరువా మీద, రానూపోనూ 10 మీటర్లు. చెప్పి లాభం లేదని వైరు కట్టి చూపించాను. బ్యాటరీ దగ్గర 12.3 ఉంటే టీవీ దగ్గర 11.4. దారిలోనే 0.9 ఓల్టు పోయింది. తర్వాత 4 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే పోయింది 0.12 మాత్రమే. 230 ఓల్టుల ఇంటి వైరింగ్‌లో ఒక ఓల్టు పోయినా ఎవరికీ పట్టదు. పన్నెండులో ఒకటి అంటే పన్నెండో వంతు. బావ ఇంకేం మాట్లాడకుండా వైరు చుట్ట కొనడానికి వెళ్ళాడు.

డ్యాష్‌బోర్డు మీద సిగరెట్ లైటర్ సాకెట్ వద్దన్నాను. ఫోన్ ఛార్జింగ్ వరకూ సరే. మన రోడ్ల మీద కుదుపుకి ఆ పిన్ను సగం బయటికొచ్చి, వదులు కనెక్షన్ దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ వాసన వస్తుంది.

మాఘం, అంతర్వేది

భీష్మ ఏకాదశి రథోత్సవానికి అంతర్వేది వెళ్ళాం. తీర్థం జనంలో గుడి దగ్గర బండి పెట్టడం కుదిరే పని కాదు, ఊరికి ఇవతల తెలిసినవాళ్ళ కొబ్బరితోటలో ఆపాం. బ్యాటరీ ఇంకా పాత ట్యూబులరే.

కొబ్బరితోటలో డిష్ పెట్టడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కోనసీమలో ఎక్కడ ఆగినా ఇదే తంతు. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన వైపు నుంచి చూస్తే ఆగ్నేయం. దిక్సూచిలో 144 డిగ్రీల దగ్గర, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తులో. ఫోన్‌లో దిక్సూచి చాలు, కాకపోతే వ్యాన్ పక్కన నిలబడి చూడకూడదు. బాడీ ఇనుము దాన్ని లాగేస్తుంది, పది అడుగులు దూరం జరిగి చూడాలి.

66 డిగ్రీలు బాగా నిటారు. అదే మన అదృష్టం. 15 మీటర్ల చెట్టయినా డిష్‌కి 7 మీటర్ల అవతల ఉంటే మాను అడ్డు రాదు. మట్టలు పరుచుకున్న మేర కూడా కలుపుకుంటే 11, 12 మీటర్లు. అంటే ఆగ్నేయం వైపు ఒక వరస చెట్ల జాగా ఖాళీ ఉంటే సరిపోతుంది, ఆకాశమంతా తెరుచుకుని ఉండక్కర్లేదు. డిష్ చూడ్డానికి మాత్రం అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. దాని చేయి కింది వైపు నుంచి ఉండటం వల్ల పళ్ళెం వాస్తవం కన్నా కిందకి చూస్తున్నట్టే ఉంటుంది. మొదట చూసినవాళ్ళు ఇంకా పైకి ఎత్తమంటారు, వినకూడదు.

డిష్‌ని వ్యాన్ టాపు మీద బిగించలేదు. ఇనప ముక్కాలి పీట మీద బిగించి 10 మీటర్ల కేబుల్ పెట్టుకున్నాం. బండి నీడలో, డిష్ ఎండలో.

సిగ్నల్ దొరికింది గానీ కొన్ని ఛానెళ్ళలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతోంది. టీవీని ఒట్టి బ్యాటరీ మీద కాసేపు పెట్టి చూస్తే శుభ్రంగా ఉంది. కన్వర్టర్ వేస్తే మళ్ళీ గళ్ళు. ఆ డబ్బా లోపల కరెంటుని సెకనుకి కొన్ని లక్షల సార్లు కోసి అతుకుతుంటుంది, ఆ రొద పక్కనే పోతున్న డిష్ కేబుల్లోకి ఎక్కుతోంది. కన్వర్టర్‌ని బీరువా అడుక్కి దించి, దాని రెండు వైర్ల మీదా పాత మానిటర్ కేబుల్ నుంచి తీసిన, ఆ రొదని అడ్డుకునే ఫెరైట్ ముక్కలు బిగించాను. ఆ తర్వాత మళ్ళీ గళ్ళు రాలేదు.

ఆ రాత్రి మ్యాచ్ చూస్తూ మావయ్య పాత సంగతి ఎత్తాడు. 1980ల చివర్లో వాళ్ళ లంక ఊళ్ళో కరెంటు లైను ఇంకా రాలేదట. ఆదివారం పొద్దుటి సీరియల్ కోసం ట్రాక్టర్ బ్యాటరీ విప్పి, కావిడి మీద మోసుకొచ్చి, 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించేవాళ్ళట. ఆ పోర్టబుల్ టీవీల్లో చాలావాటికి 12 ఓల్టుల డీసీ బొక్క వెనక ఉండేది. "మీరిప్పుడు కొత్తగా కనిపెట్టిందేముంది?" అన్నాడు. నిజమే. మధ్యలో ముప్పై ఏళ్ళు టీవీలే దారి తప్పి 230 వైపు వెళ్ళాయి. ఆయన చెప్పిన ఇంకో ముక్క నాకు బాగా నచ్చింది. సీరియల్ అయ్యాక ట్రాక్టర్ స్టార్ట్ అవకపోతే చేను పని ఆగుతుందని, ప్రకటనలు వచ్చినప్పుడల్లా టీవీ కట్టేసేవాళ్ళట.

అంతర్వేది నుంచి వచ్చాక డిష్ కేబుల్ కనెక్టర్ విప్పితే, రాగి ముల్లు మీద అప్పుడే పచ్చటి చిలుము మొదలైంది. ఉప్పు గాలి అంత పని చేస్తుంది. కనెక్టర్ల మీద సాగే రబ్బరు టేపు చుట్టాను. బ్యాటరీ వైర్ల చివర లగ్గులన్నీ క్రింప్ చేసి (నొక్కి బిగించి), జిగురు ఉన్న, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించి, పైన పెట్రోలియం జెల్లీ రాశాను.

శివరాత్రి దాటాక

ట్యూబులర్ దిగిపోయింది. బరువు ఒక కారణం, ఇద్దరు మోయాలి. అసలు కారణం వేరే. ఛార్జింగ్ చివర్లో దాని మూతల్లోంచి హైడ్రోజన్ వస్తుంది. అది మంచం కింద, పక్కన గ్యాస్ పొయ్యి, తలుపులన్నీ దోమలకి మూసేసిన వ్యాన్. నా మనసు ఒప్పలేదు.

దాని బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 12.8 ఓల్టులు, 100 ఏహెచ్. కాగితం మీద 1280 వాట్ అవర్లు. సిటీలో ఒక షాపులో కొన్నాం, పేరు అనవసరం. వ్యాన్లో పెట్టకముందే నిండా ఛార్జ్ చేసి, రెండు 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు కట్టి, మధ్యలో ఏహెచ్ లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టి వదిలేశాను. పొద్దున్న మొదలెడితే సాయంత్రానికి బ్యాటరీ లోపలి రక్షణ బోర్డు తనే కట్ చేసింది. మీటర్ మీద 78. వందకి 78! మర్నాడు బ్యాటరీ, బల్బులు, మీటరు అన్నీ పట్టుకుని షాపుకి వెళ్ళాం. "వాడగా వాడగా సెట్ అవుద్దండీ" అన్నాడాయన. "అయితే మీ ముందే ఇంకోసారి వాడదాం" అని బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి వేరే బ్యాటరీ ఇచ్చి పంపించారు. దానికి 99 వచ్చింది. లిథియం కొనేవాళ్ళెవరైనా ఈ బల్బుల పరీక్ష చేయకుండా డబ్బు తుది లెక్క చేయొద్దు.

ఈ బ్యాటరీలో ఎనభై శాతం వాడుకున్నా వెయ్యి వాట్ అవర్లు పైమాట. టీవీ, బాక్సు కలిపి 33 వాట్లు. ఛార్జింగ్ లేకుండా ఏకబిగిన 30 గంటలు.

బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు, అక్కడి నుంచి చిన్న ఫ్యూజు బాక్సు, టీవీ లైనుకి 10. ఫ్యూజు ఉండేది టీవీని కాపాడటానికి కాదు, వైరు కాలకుండా. అందుకే అది బ్యాటరీ వైపే ఉండాలి, టీవీ వైపు కాదు.

ఇంజన్ నుంచి ఛార్జింగ్‌కి 20 ఆంపియర్ల డీసీ ఛార్జర్ వేశాం. లిథియంని నేరుగా ఆల్టర్నేటర్‌కి కలిపితే, దాని లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి ఎంత ఇస్తే అంత లాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి పోతుంది. ఈ ఛార్జర్ ఇరవై దగ్గర పట్టి ఆపుతుంది. తాళం ఆన్‌లో ఉంటేనే పని చేసేలా సిగ్నల్ వైరు ఇచ్చాను. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదారి దాటించే పడవ) కోసం ఇంజన్ ఆపి కూర్చున్నప్పుడు ఇది స్టార్టింగ్ బ్యాటరీని పీల్చకూడదు కదా. రెండు గంటలు నడిస్తే 40 ఏహెచ్ లోపలికి వస్తుంది. టీవీ లెక్కన అది దాదాపు నాలుగు రాత్రుల సరుకు.

కాలువలు కట్టేశాక

దాళ్వా కోతలయ్యాయి, కాలువల్లో నీళ్ళు ఆగాయి, ఎండలు ముదిరాయి. టాపు మీద 165 వాట్ల సోలార్ ప్యానెల్, లోపల దాని నుంచి వీలైనంత కరెంటు పిండి బ్యాటరీకి ఎక్కించే ఎంపీపీటీ కంట్రోలర్. ఓడలరేవు బీచిలో బాహాటంగా పెడితే మిట్టమధ్యాహ్నం 120 వాట్లు వచ్చాయి. బల్లపరుపుగా పడుకోబెట్టిన, వేడెక్కిన ప్యానెల్‌కి అది మంచి సంఖ్యే.

తోటలోకి జరిపితే కథ మారింది. ఒకే ఒక్క కొబ్బరి మట్ట నీడ ప్యానెల్ మూల మీద పడింది, చేటంత కూడా లేదు. 120 కాస్తా 9కి దిగింది. నేను బావ చేత మట్టని వెదురు గడతో పక్కకి పట్టించి చూశాను. పక్కకి జరిగితే 110, వదిలేస్తే 9. కారణం ఇది. ఈ ప్యానెల్లో 36 సెల్స్ ఒకే గొలుసు, దాన్ని రెండు సగాలుగా డయోడ్లు చూసుకుంటాయి. ఒక సెల్ మీద నీడ పడినా డయోడ్ ఆ సగాన్ని తప్పించేస్తుంది. 18 ఓల్టుల్లో సగం పోతే 9. 13 ఓల్టుల బ్యాటరీలోకి 9 ఎలా ఎక్కుతుంది? ఎక్కదు. అందుకే నీడ ఎంత, వెలుతురు ఎంత అన్న లెక్క ఇక్కడ నడవదు. కోనసీమలో మనిషికి నీడ కావాలి, ప్యానెల్‌కి ఎండ కావాలి, రెండూ టాపు మీద ఒకే చోట దొరకవు.

ఇదే వేసవిలో ఇంకో సంగతి తేలింది. షంట్ మీటర్ ప్రకారం రాత్రంతా తినేది టీవీ కాదు, ఫ్యాను. టీవీ నాలుగు గంటలకి 130 వాట్ అవర్లు. 20 వాట్ల 12 ఓల్టుల ఫ్యాను తొమ్మిది గంటలు తిరిగితే 180. మేలో గోదారి గట్టు మీద ఫ్యాను కట్టేసి పడుకోమని ఎవరినైనా అడిగి చూడండి. మావయ్య అయితే "టీవీ కట్టేయ్ గానీ దాని జోలికి వెళ్ళకు" అని తేల్చేశాడు. టీవీ కోసం మొదలెట్టిన లెక్క ఫ్యాను దగ్గర తేలింది.

మూసిన వ్యాన్లో మధ్యాహ్నం వేడికి బ్యాటరీ ఉడకకూడదని దాన్ని నేల మీదకి, టైరు గూడు పక్కకి మార్చాం. గాలి ఆడేలా చెక్కకి కన్నాలు వేయించాను.

తొలకరి

కాలువలకి నీళ్ళొదిలారు. మబ్బు రోజుల్లో ప్యానెల్ ఇచ్చేది ముప్పై నలభై వాట్లే, కుండపోత వాన పడుతుంటే డిష్ సిగ్నల్ కూడా పోతుంది. అలాంటి రాత్రి అత్తయ్యదే రాజ్యం, పెన్‌డ్రైవ్ నడుస్తుంది.

మిగిలిన పని రెండు. ఒకటి, టాపు మీద ప్యానెల్ దించేసి కాళ్ళు మడిచే స్టాండు మీదకి మార్చడం, 15 మీటర్ల 6 స్క్వేర్ వైరుతో. డిష్ ముక్కాలి పీటలాగే బండి నీడలో, ప్యానెల్ ఎండలో. స్టాండుకి యాంగిల్ ముక్కలు కోయించాను, వెల్డింగ్ అవ్వాలి. రెండోది, బ్యాటరీ 12.2 ఓల్టులకి వస్తే టీవీ లైను తనే కట్ అయ్యి, ఫ్యాను మాత్రం ఉండేలా ఒక కటాఫ్ రిలే. అది మావయ్య అడిగింది. మ్యాచ్ చివరి ఓవర్లో కట్ అయితే ఏం చేస్తారో మాత్రం ఆయన ఇంకా చెప్పలేదు.